కుడివైపు వినిపించిన గుండె

పసిపిల్లలకు నీళ్లు పోయడంలో ఆర్మూరు మొత్తం మీద నన్ను మించినవాళ్లు లేరని నాకొక గర్వం ఉండేది. పొద్దంతా బడిలో పంతులమ్మను, బడి ముందూ బడి తర్వాతా వీధిలో బాలింతలకు పెద్దదిక్కును. గంగామణి టీచర్ నీళ్లు పోస్తే పిల్ల మూడు గంటలు కదలకుండా పడుకుంటుందని పెర్కిట్ దాకా పేరుండేది. పొగిడితే పొంగనివాళ్లుండరు. నేను అందరికన్నా కొంచెం ఎక్కువే పొంగేదాన్ని. ఆ గర్వం నా మనవరాలి ప్రాణం మీదికి ఎలా తెచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పిల్లకిప్పుడు పదేళ్లు. సైకిల్ తొక్కుతుంది, లెక్కల్లో తప్పులు చేసి తిరిగి నాతోనే వాదిస్తుంది. కాబట్టి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదవనక్కర్లేదు. ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టినవాళ్లు మాత్రం నేను చేసిన పని దగ్గర కొంచెం ఆగి చదవండి.

1989 మార్చి, పిల్ల పుట్టిన రెండో రోజు

ఆ నెలలో మా ఊళ్లో ఎటు చూసినా పసుపే. ఉడకబెట్టే పొగ, ఆరబోసిన కొమ్ములు, మార్కెట్ యార్డుకు పోయే బండ్లు. నా ఒక్కగానొక్క కూతురు సునీత తొలి కాన్పుకు జక్రాన్‌పల్లి నుంచి నా దగ్గరికి వచ్చింది. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో నా మాటే చెల్లుబాటు. ఊళ్లోనే ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆడపిల్ల పుట్టింది. అల్లుడు రాజేశ్వర్ మోటార్‌సైకిల్ మీద వచ్చి, పిల్లను చూసి, గంట కూడా కూర్చోకుండా లేచాడు.

"కడాయి మీద పసుపున్నది అత్తమ్మా. ఇప్పుడు ఇడిసిపెడితే పంటంత కరాబైతది. తొట్టెల నాటికి అమ్మను తీస్కొని వస్త" అన్నాడు.

"పో నాయినా. ఈడ నేనున్న గదా, ఏం ఫికర్ జెయ్యకు" అన్నాను.

మర్నాడు పొద్దున ఇంటికి బయల్దేరే ముందు అక్కడి చిన్న డాక్టర్ పిల్లను చూడటానికి వచ్చాడు. చదువు ముగించి కొత్తగా చేరిన పిల్లవాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. స్టెతస్కోపు ఎడమవైపు పెట్టాడు, కుడివైపు పెట్టాడు, మళ్లీ ఎడమవైపు పెట్టాడు. సునీత అలసిపోయి నిద్రలో ఉంది. నన్ను వరండాలోకి పిలిచాడు.

"అమ్మా, పాప గుండె చప్పుడు కుడివైపు గట్టిగా వినిపిస్తోంది. ఊపిరి కూడా కొంచెం వేగంగా ఉంది. నిజామాబాద్ తీసుకెళ్లి ఛాతి ఎక్స్‌రే తీయించండి. వీలైతే ఇవాళే. మీ అమ్మాయి లేచాక చెప్పండి" అని చీటీ రాసిచ్చాడు.

చీటీ తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. సునీత లేచింది. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని ఈ పదేళ్లలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా మొదట మంచి కారణాలే ముందుకొచ్చి నిలబడతాయి. పురుడు కాకముందు బాలింతను, పసిగుడ్డును బస్సుల్లో తిప్పకూడదన్నది మా ఇళ్లలో ఆచారం. ఐదో రోజు స్నానం అయ్యాక పోదాం, మూడు రోజుల్లో మునిగిపోయేదేముంది అనుకున్నాను. ఆ డాక్టర్ పిల్లవాడు, వాడికేం తెలుసు అని కూడా అనుకున్నాను. ఇవన్నీ నిజమే, కానీ అసలు సంగతి వేరు. గుండె కుడివైపున ఉన్న ఆడపిల్ల పుట్టిందంటే జక్రాన్‌పల్లిలో వియ్యపురాలు ఏమంటుందోనని భయపడ్డాను. పెళ్లయిన మూడేళ్లకు కడుపు పండింది నా బిడ్డకు. ఆ మూడేళ్లు పడిన మాటలు చాలు, పుట్టిన పిల్లకు కూడా వంక పెడతారా అని నా మనసు ఎదురు తిరిగింది. నాలుగో తరగతి పిల్లలకు మన శరీరం పాఠం చెప్పేదాన్ని నేనే. అందరి చేతులూ ఎడమవైపు పెట్టించి గుండె చప్పుడు వినిపించేదాన్ని. చదువు లేక చేసిన తప్పయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మూడో రోజు, నాలుగో రోజు

పిల్ల పొట్ట లోపలికి పోయి ఉండటం నేనే ముందు గమనించాను. వందమంది పసిపిల్లలను నా కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను, ఏ బిడ్డ పొట్టా అలా లేదు. పసిపిల్లల పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది, ఈ పిల్లకు పక్కటెముకల కింద పల్లంగా ఉంది. తల్లిపాలు చాలడం లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. పాలు తాగాక కూడా చెంచాతో చక్కెర నీళ్లు పట్టాను. పట్టిన కొద్దీ పిల్ల ఆయాసపడేది.

"అమ్మా, గిట్ల డొక్కలెందుకు ఎగరేస్తున్నది?" అని సునీత అడిగింది.

"పసిపిల్లలు అందరు గంతే బిడ్డా. నీళ్లు మంచిగ పోస్తే అదే సర్దుకుంటది."

"డాక్టర్ సారేమన్నడు?"

"మంచిగున్నదన్నడు."

ఆ రెండు రోజుల్లో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబిచ్చాను. మూడోసారి కొంచెం విసుక్కున్నాను కూడా. "ఇంత మందికి పోసినదాన్ని, నాకు తెల్వదా?" అన్నాను. నా కూతురు సిగ్గుపడి ఊరుకుంది. అమ్మను అనుమానించినందుకు సిగ్గుపడింది, పాపం.

ఐదో రోజు

పొద్దున్నే వేపాకు వేసి నీళ్లు కాచాను. పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. నూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోశాను. అంతవరకు ఏడుస్తూనే ఉంది, ఏడుపు సన్నగా ఉంది. చివర్లో మా దిక్కు ఒక అలవాటుంది. పిల్ల రెండు కాళ్లూ కలిపి పట్టుకుని, తలకిందులుగా ఎత్తి మూడుసార్లు ఊపుతారు. వెన్ను సాగుతుందని, గొంతులో కఫం దిగుతుందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. చేయి తిరిగినవాళ్లు చేస్తే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నేను చేస్తుంటే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసేవాళ్లు.

ఒకసారి ఊపాను. రెండోసారి ఊపేసరికి ఏడుపు ఆగిపోయింది. మూడోసారి ఊపాను. అలవాటు, చేయి ఆగలేదు. పైకి తిప్పి చూస్తే పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

సునీత గుమ్మంలోంచి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్లను భుజం మీద నిలువుగా వేసుకుని వీపు రుద్దాను. కొంచెం సేపటికి రంగు తిరిగింది, పూర్తిగా కాదు. తడి చీరతోనే ఆటోలో నర్సింగ్‌హోమ్‌కు పోయాం. అదే చిన్న డాక్టర్ ఎదురొచ్చాడు. పిల్లను చూడగానే ఆయన నోరు తెరవబోయాడు. ఏమడుగుతాడో నాకు తెలుసు. "గదే సార్, నిజామాబాద్ తీస్కపోతున్నం. జల్ది చీటీ రాయండి" అని ఆయన మాటకు అడ్డం పడ్డాను. ఆయన నా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. ఆక్సిజన్ పెట్టించి, చీటీ రాసి, తనే బయటికొచ్చి జీపు మాట్లాడి ఎక్కించాడు. నా తప్పును నా కూతురి ముందు బయటపెట్టకుండా ఊరుకున్నాడు. ఆ పిల్లవాడి పెద్దరికానికి నేను ఏనాడూ కృతజ్ఞత చెప్పలేదు, మొహం చెల్లలేదు.

నిజామాబాద్‌లో ఎక్స్‌రే తీశారు. ఫిల్మును వెలుతురుకు పట్టి పిల్లల డాక్టర్ చూపించాడు. కుడివైపు ఊపిరితిత్తి నల్లగా ఉంది. ఎడమవైపు ఊపిరితిత్తి ఉండాల్సిన చోట గుండ్రగుండ్రంగా చుట్లు, పళ్లెంలో సకినాలు పరిచినట్టు.

"ఇవి పేగులమ్మా. పొట్టకూ ఛాతికీ మధ్య ఒక కండరం పొర ఉంటుంది, డయాఫ్రం అంటాం. ఊపిరి తీసినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. మీ పాపకు కడుపులో ఉన్నప్పుడే అది ఎడమవైపు పూర్తిగా మూసుకోలేదు. ఆ సందులోంచి పేగులు పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కుతున్నాయి, గుండెను కుడివైపుకు నెట్టేశాయి. పాలు, నీళ్లు ఏవీ పట్టకండి. లోపలికి పోయినదల్లా ఛాతిలోనే ఉబ్బుతుంది."

పొట్ట ఎందుకు పల్లంగా ఉందో అప్పుడు అర్థమైంది. నేను పట్టిన ప్రతి చెంచాడు నీళ్లూ ఎక్కడికి పోయాయో కూడా అర్థమైంది. "తలకిందులు చేస్తే?" అని అడిగాను.

"ఇంకా పైకి పోతాయి" అన్నాడు ఆయన, ఎందుకడిగానో తెలియక.

సునీతకు తెలిసింది. నా చేయి పట్టుకుని, "నీకేం తెలుసమ్మా, మన దిక్కు అందరు గట్లనే పోస్తరు గదా" అంది. ఐదో రోజు బాలింత, నిలబడే శక్తి లేదు, అయినా నన్నే ఓదార్చింది. చీటీ సంగతి చెప్పాలంటే అదే సమయం. అప్పుడూ చెప్పలేదు.

హైదరాబాద్, మొదటి వారం

పిల్ల ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, తల ఎత్తుగా ఉంచి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, ఆక్సిజన్ సిలిండర్‌తో వ్యానులో హైదరాబాద్ పంపించారు. కామారెడ్డి దాటేదాకా నేను ఆ చిన్న ఛాతి మీదినుంచి కళ్లు తిప్పలేదు. పిల్లల పెద్ద దవాఖానలో వెంటనే ఆపరేషన్ చేస్తారనుకున్నాం. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"ఇదివరకు రాగానే కోసేవాళ్లం. రంధ్రం కుట్టడం కష్టం కాదమ్మా, నొక్కుకుపోయిన ఊపిరితిత్తి తట్టుకోవాలి. రెండు మూడు రోజులు చూద్దాం. అది నిలబడితే చేస్తాం" అంది.

నిలబడకపోతే అని ఎవరమూ అడగలేదు.

కబురంది ఆ రాత్రికే అల్లుడు దిగాడు. పసుపు ఎవరికో అప్పగించి వచ్చాడట. వేళ్లు, గోళ్లు, అరచేతులు ముదురు పసుపు రంగు. పిల్లను చూడటానికి పోతే నర్సు గుమ్మంలోనే ఆపింది.

"చేతులు కడుక్కొని రావయ్యా."

"కడిగిన మేడం."

"సబ్బుతో కడుక్కో."

మూడుసార్లు పోయి వచ్చాడు. మూడోసారి చేతులు ముందుకు చాపి, "పోదు మేడం. పసుపు ఉడకవెట్టినం. ఇంక పదిహేను దినాలు గిట్లనే ఉంటది" అన్నాడు. ఆ నర్సు అతని చేతులు పట్టుకుని వాసన చూసింది, నవ్వింది. "మా అమ్మ చేతులు కూడా ఇట్లనే ఉండేవి. రా, ఒక్క వేలుతో ముట్టుకో" అని లోపలికి తీసుకెళ్లింది. పిల్ల తండ్రి వేలు పట్టుకుందని బయటికొచ్చి చెప్పి ఏడ్చాడు. నేను స్తంభం వెనక నిలబడ్డాను. నేను ఆ చీటీ చూపించి ఉంటే ఈ మనిషి మూడు రోజుల ముందే ఇక్కడ ఉండేవాడు.

వరండాలో మా పక్కన మెదక్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఆమె మనవడికీ ఇదే జబ్బు. ఆమెకు నాలాగ చదువు లేదు. పిల్లవాడు పుట్టగానే నీలంగా ఉన్నాడని, గంటలోపే ఉరుకులు పరుగుల మీద తెచ్చుకున్నారు. ఎవరో ఏదో అంటారని ఆగలేదు. మా రెండో రోజు మధ్యాహ్నం ఆ పిల్లవాడు పోయాడు. పోతూ పోతూ ఆమె తన చాప మా దగ్గర పెట్టింది. "ఉంచుకో అక్కా, నేల సల్లగున్నది, మీ బిడ్డ బాలింత" అంది. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె తన కోసమే ఏడుస్తున్నాననుకుంది. ఉరికొచ్చినవాళ్ల బిడ్డ దక్కలేదు, దాచిపెట్టి ఆలస్యం చేసిన నా బిడ్డ ఇంకా ఊపిరి తీస్తోంది. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ చాప మీద కూర్చోలేకపోయాను. లేచి డాక్టరమ్మ గదికి పోయాను. చేరిన రోజు ఆమె ఎప్పటినుంచి ఆయాసమని అడిగితే, సునీత ముందు "నిన్నటి నుంచి" అని చెప్పి ఉన్నాను.

"అబద్ధం చెప్పాను మేడం. రెండో రోజే డాక్టర్ చెప్పాడు, నేను దాచాను. నీళ్లు పట్టాను. తలకిందులు చేశాను" అన్నాను.

ఆమె కలం పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆలస్యం మంచిది కాదు. మీరు చేసింది తప్పే" అంది. "అయితే పుట్టిన కొద్ది గంటల్లోనే నీలమైపోయే పిల్లలు వేరు. మీ పాప ఐదు రోజులు నెట్టుకొచ్చింది, ఊపిరితిత్తిలో కొంత బలముందని అర్థం. ఇక మీదట మీరు ఎవరినీ తలకిందులు చేయకండి, చేసేవాళ్లను చూస్తే ఆపండి. మీ అమ్మాయికి తెలుసా?"

"తెలియదు."

"అది మీరూ మీరూ చూసుకోవాలి. నేను చెప్పను."

హైదరాబాద్ చేరిన నాలుగో రోజు పొద్దున ఆపరేషన్‌కు తీసుకున్నారు. మూడు గంటల పైనే పట్టింది. జక్రాన్‌పల్లి నుంచి వియ్యపురాలు నర్సవ్వ కూడా అప్పటికి వచ్చింది, జొన్నరొట్టెల మూట చంకన పెట్టుకుని. ఆమె మొహం చూడలేక తల వంచుకుని కూర్చున్నాను. సునీత ఎవరికీ కనిపించకుండా కొంగు నోట్లో కుక్కుకుంటోంది. నర్సవ్వ కోడలి పక్కన కూలబడి, సంగతంతా విని, అడిగింది:

"అయితే గుండె కుడిదిక్కున్నదా?"

"ఆఁ వదినె" అన్నాను. ఇదిగో, ఇప్పుడంటుంది అనుకున్నాను.

"కుడిదిక్కుంటేంది, ఎడమదిక్కుంటేంది వదినె. కొట్టుకుంటే సాలు" అంది. రొట్టె తుంచి కోడలి నోట్లో పెట్టింది.

ఈ మనిషికి భయపడి నేను చీటీ దాచాను. ఆ మాట విన్నాక నా సాకులన్నీ ఊడిపోయాయి. ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు, ఎందుకో చెప్పాల్సి వస్తుంది కదా.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంటూ బయటికొచ్చింది. "పేగులన్నీ కిందికి దించాం. పొరకు కండ బాగానే ఉంది, అంచులు దగ్గరికి తెచ్చి కుట్టేశాం. ఇక ఊపిరితిత్తి సాగాలి" అంది. సాగడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు మిషన్ ఊపిరి, మధ్యలో జ్వరం, ఒకసారి ఇంక ఆశ లేదనిపించిన పొద్దు. ఆ రోజు నేను మొక్కని దేవుడు లేడు. పిల్ల బతికితే సునీతకు నిజం చెప్తానని కూడా మొక్కుకున్నాను. పిల్ల బతికింది. గుండె మెల్లగా జరిగి ఎడమవైపుకు వచ్చింది. నేను చెప్పలేదు.

ఆ తర్వాతి ఏళ్లు

తిరిగొచ్చాక నాకు దక్కిన గౌరవం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "టీచరమ్మ తడి చీరతోనే ఉరికింది, లేకపోతే పిల్ల దక్కకపోతుండె" అని వీధంతా చెప్పుకున్నారు. సునీతే అందరికీ చెప్పేది. మమత అని పేరు పెట్టారు పిల్లకు. తొట్టెల నాడు అల్లుడు నాకు చీర పెట్టి కాళ్లకు దండం పెట్టాడు. ఆ చీర ఒక్కసారి కూడా కట్టలేదు, రంగు నచ్చలేదని చెప్పాను. నీళ్లు పోయడం మానేశాను. కీళ్ల నొప్పులని చెప్పాను. ఒక అబద్ధం నిలబడాలంటే దానికి ఇంకెన్ని అబద్ధాలు ఊతంగా పెట్టాలో లెక్కలేదు. చెప్పడానికి రోజులు లేక కాదు. సునీత నా మెడ చుట్టూ చేతులు వేసి "నువ్వుంటే నాకు భయం లేదమ్మా" అన్నప్పుడల్లా, ఇంకొక్క ఏడాది ఈ మాట విననీ అనుకున్నాను.

1996 ఎండాకాలం

మమతకు ఏడేళ్లు. సెలవులకు తల్లీబిడ్డలు ఆర్మూరు వచ్చారు. ఒకరోజు పొద్దున సునీత తొక్కుకు మామిడికాయలు తరుగుతోంది. వీధి చివర బీడీలు చుట్టే రాజవ్వ, మూడు రోజుల మనవడిని గుడ్డలో చుట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, నొప్పులున్నయని తెలుసు. ఒక్కసారి మీ చెయ్యి పడనియ్యుండ్రి. మీ చేతులతోని ఎత్తి ఊపితే సర్దుకుంటది. ఊపిరి జర జోరుగున్నది."

పిల్లవాడి డొక్కలు ఎగురుతున్నాయి.

"డాక్టర్‌కు చూపిచ్చినవా?"

"చూపిచ్చిన. నిజామాబాద్ పొమ్మని చీటీ రాసిండు. పురుడైనంక పోదమని మా కోడలికింక చెప్పలే. అది ఉత్తగనే బుగులు పడతది."

నా నోటి మాటలే ఇంకొకరి నోట్లోంచి వచ్చాయి. సునీత నాలుగడుగుల దూరంలో ఉంది. చీటీ ఉంది కాబట్టి పొమ్మని గట్టిగా చెప్పి పంపొచ్చు, నా సంగతి ఎత్తకుండానే. అలాగే ప్రయత్నించాను కూడా. రాజవ్వ నవ్వింది. "మీ మనుమరాలికి గింతకంటె ఎక్కువనే ఉండె గదా, మీరు నీళ్లు పోసి బతికిచ్చుకోలేదా?" అంది. నా గొప్పే ఆ పిల్లవాడి దారికి అడ్డంగా పడుకుంది.

"నేను బతికియ్యలే రాజవ్వా" అన్నాను. "నాకు గూడ రెండో దినమే డాక్టర్ చీటీ రాసిచ్చిండు. వియ్యంపురాలు వంక పెడతదని నేను దాసిన. నా బిడ్డ మూడుసార్లు అడిగితే మంచిగున్నదని అబద్ధమాడిన. నా చేతులతోనే తలకిందులు చేసిన, నా చేతులల్లనే నల్లగైంది. బతికిచ్చింది డాక్టర్లు. నువ్వు నా లెక్క చెయ్యకు. నీ కోడలిని లేపు, ఇప్పుడే పోండ్రి."

మామిడికాయ తరిగే చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూడలేదు.

సునీత లేచింది. చేతులు కడుక్కుంది. రాజవ్వ దగ్గర నుంచి పిల్లవాడిని తీసుకుని నిలువుగా భుజాన వేసుకుంది. "నడువు పెద్దమ్మా, నేను గూడ వస్త. మీ కోడలికి నేను చెప్త" అంది. నా పక్కనుంచే పోయింది, నన్ను చూడకుండా. ఆటో పోయిన చప్పుడు విన్నాను. తరగని కాయలు గంపలో అలాగే ఉన్నాయి. మమత వచ్చి అమ్మ ఏదని అడిగితే అన్నం పెట్టాను.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చింది. పిల్లవాడికి నిమోనియా అట, దవాఖానలో చేర్చుకున్నారట, తగ్గుతుందన్నారట. ఇదంతా గోడకు చెప్పినట్టు చెప్పింది. కాళ్లు కడుక్కుని వచ్చి నాకెదురుగా కూర్చుంది. తిట్లకు, ఏడుపుకు సిద్ధపడి కూర్చున్నాను నేను.

"నువ్వు చెప్పినా నేను గూడ పురుడైనంక పోదమంటుంటినేమో" అంది. "నాకేం తెలుసు అప్పుడు. నువ్వేమంటే అదే అంటుంటి. తప్పైతే ఇద్దరిదైతుండె. కాని నా బిడ్డ గదమ్మా. నన్నొక్క మాట అడుగకపోతివి."

"తప్పైంది బిడ్డా" అన్నాను. ఏడేళ్లు మోసిన మాట, బయటికొచ్చాక ఎంత చిన్నగా ఉందో.

ఆమె మొహంలో కోపం కూడా కనిపించలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక్కటే అడిగింది.

"ఇంకేమన్న దాసినవా?"

"లేదు బిడ్డా. ఇంకేం లేదు."

అది నిజం. అంతకన్నా నిజమైన మాట నేను నా జన్మలో చెప్పలేదు. సునీత నా కళ్లలోకి చూసింది, నమ్మాలా వద్దా అని వెతుకుతూ. చిన్నప్పటి నుంచి నేను చెప్పింది ఎదురు అడగకుండా నమ్మిన పిల్ల అది.

"నిజంగనా?" అంది.